పీవో నుంచి పెద్ద కుర్చీ దాకా...

చదివింది ఇంగ్లిషు సాహిత్యం. బ్యాంకింగ్ అంటే ఏమిటో తెలియదు. స్నేహితులు దరఖాస్తు చేస్తున్నారని తానూ ఓ పోటీపరీక్ష రాసింది. ముప్ఫై ఆరేళ్ల తర్వాత అదే బ్యాంకుకు అధిపతి అయింది. రెండొందల ఏళ్లు దాటిన స్టేట్‌బ్యాంక్ చరిత్రలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ అరుంధతీ భట్టాచార్య. మధ్యలో ఒకసారి ‘ఇక చాలు, రాజీనామా చేసేద్దాం’ అనుకున్న మనిషి అంత దూరం ఎలా వెళ్లగలిగారు?

అది 2013, అక్టోబరు 7. ముంబయి నారిమన్ పాయింట్‌లోని స్టేట్‌బ్యాంక్ భవన్‌లో కొత్త ఛైర్‌పర్సన్ బాధ్యతలు తీసుకున్నారు. అప్పటిదాకా ఆ బ్యాంకులో ‘ఛైర్మన్’ అన్న మాటే తప్ప ‘ఛైర్‌పర్సన్’ అన్న మాట వాడాల్సిన అవసరమే రాలేదు. 1806లో బ్యాంక్ ఆఫ్ కలకత్తాగా పుట్టి, 1921లో ఇంపీరియల్ బ్యాంకుగా మారి, 1955లో స్టేట్‌బ్యాంక్ ఆఫ్ ఇండియా అయిన సంస్థ అది. రాజులు పోయారు, తెల్లదొరలు పోయారు, ఎందరో ఛైర్మన్లు వచ్చి వెళ్లారు. ఒక మహిళ రావడానికి మాత్రం రెండు శతాబ్దాలు పైనే పట్టింది.

వచ్చినావిడ పెద్ద వ్యాపార కుటుంబం నుంచి రాలేదు. విదేశీ ఎంబీయే పట్టా పట్టుకునీ రాలేదు. మన ఇళ్లలో పిల్లలు ఇప్పటికీ రాస్తున్న అదే పీవో పరీక్ష... అదే గుమ్మం గుండా లోపలికి వచ్చారు.

ఉక్కు ఊళ్లలో బాల్యం

అరుంధతి 1956లో కోల్‌కతాలో పుట్టారు. పెరిగింది మాత్రం భిలాయ్, బొకారోల్లో. నాన్న ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. దేశం నలుమూలల నుంచీ వచ్చి స్థిరపడిన కుటుంబాల మధ్య, కంపెనీ క్వార్టర్లలో గడిచిన బాల్యం అది. విశాఖ ఉక్కునగరంలోనో, రామగుండం ఎన్టీపీసీ కాలనీలోనో పెరిగినవాళ్లకు ఆ వాతావరణం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పక్కింట్లో ఒక భాష, ఎదురింట్లో ఇంకో భాష. అందరికీ ఒకే బడి, ఒకే ఆటస్థలం. తర్వాతి రోజుల్లో ఏ ఊరికి బదిలీ చేసినా ఇట్టే సర్దుకుపోగలిగారంటే ఆ అలవాటు అక్కడ పడిందే అనుకోవాలి.

బొకారోలోని సెయింట్ జేవియర్స్ పాఠశాలలో చదువు ముగించుకుని కోల్‌కతా వచ్చి లేడీ బ్రబోర్న్ కళాశాలలో చేరారు. ఆ తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం. ఇష్టమైన సబ్జెక్టు ఇంగ్లిషు సాహిత్యం. లెక్కల పుస్తకాలూ, ఖాతా పద్దులూ ఆ దరిదాపుల్లో ఎక్కడా లేవు.

అక్కడ చదువుకుంటున్న రోజుల్లోనే తోటి విద్యార్థులు స్టేట్‌బ్యాంక్ ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకు దరఖాస్తు చేయడం చూసి తానూ చేశారు. నెగ్గారు. 1977లో ఉద్యోగంలో చేరారు. అప్పటికి వయసు ఇరవై రెండులోపే.

అవి ఎలాంటి రోజులు? 1969లో పద్నాలుగు పెద్ద బ్యాంకుల్ని ప్రభుత్వం జాతీయం చేశాక పల్లెపల్లెకూ శాఖలు తెరవడం మొదలైంది. అధికారులు కావాలి. పరీక్ష పెట్టి తీసుకున్నారు. ఆ పరీక్షలో మార్కులే మాట్లాడతాయి. ఎవరి కూతురు, ఏ ఊరు అన్నది కాగితం మీద కనిపించదు. డెబ్భైల్లో, ఎనభైల్లో ఆ తోవన లోపలికొచ్చిన అమ్మాయిల్లో కొందరే మూడు దశాబ్దాల తర్వాత పెద్ద బ్యాంకులకు అధిపతులయ్యారు. 1966లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో చేరిన రంజనా కుమార్ 2000 సంవత్సరంలో, పీకల్లోతు నష్టాల నుంచి బయటపడటానికి పెనుగులాడుతున్న ఇండియన్ బ్యాంకు పగ్గాలు అందుకున్నారు. అరుంధతిదీ ఆ వరసే.

మెట్టు మెట్టుకూ మూటాముల్లే

బ్యాంకు ఉద్యోగం బయటికి కనిపించేంత కూర్చుని చేసే కొలువు కాదు. పీవోగా చేరినవాళ్లు స్కేల్-1 అధికారి. అక్కడి నుంచి స్కేల్-7 దాకా, ఆ పైన డిప్యూటీ మేనేజింగ్ డైరెక్టర్, మేనేజింగ్ డైరెక్టర్ దాకా మెట్లుంటాయి. ఒక్కో మెట్టుకూ ఒక ఇంటర్వ్యూ... దాని వెనకే ఒక బదిలీ ఉత్తర్వు. ఒకచోట రుణాలు, ఇంకోచోట విదేశీ మారకం, మరోచోట సిబ్బంది వ్యవహారాలు. అన్నీ తెలిసినవాళ్లే పైకి వెళ్లగలరు. అన్నీ తెలియాలంటే అన్ని ఊళ్లూ తిరగాలి.

మగవాళ్లకైతే ‘బదిలీ అయింది, వెళ్లాలి’ అంటే సరిపోతుంది. అదే ఆడవాళ్లకైతే ఇంట్లో సవాలక్ష ప్రశ్నలు. పిల్లల చదువో? అత్తగారి ఆరోగ్యమో? ఆయన భోజనమో? అందుకే బ్యాంకుల్లో ప్రమోషను వద్దని రాసిచ్చి, ఉన్న ఊళ్లోనే ఉండిపోయిన మహిళా ఉద్యోగులు మనకి ప్రతి పట్టణంలోనూ కనిపిస్తారు. ప్రతిభ లేక కాదు. ప్రమోషనుతో పాటు వచ్చే మూటాముల్లె వాళ్లను ఆపేస్తుంది.

అరుంధతి భర్త ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఆచార్యులుగా పనిచేశారు. ఆయనది ఒక చోట కుదురుగా ఉండే కొలువు. ఆమెది కాళ్లకు చక్రాలు కట్టుకున్న ఉద్యోగం. ఏళ్ల తరబడి ఇద్దరూ చెరో ఊళ్లో ఉండాల్సి వచ్చింది. న్యూయార్క్ కార్యాలయంలోనూ కొంతకాలం పనిచేశారు. తిరిగొచ్చాక మళ్లీ బదిలీలు.

ఆ ఒక్క నిర్ణయం...

లఖ్‌నవూకు బదిలీ అయినప్పుడు కథ అడ్డం తిరిగింది. అప్పటికి ఆమె చిన్న అధికారి కాదు, జనరల్ మేనేజర్ స్థాయికి చేరారు. కూతురు సుకృత బడికెళ్లే వయసు. కొత్త ఊళ్లో పాపకు సరైన స్కూల్లో సీటు దొరకలేదు. ఎక్కని గుమ్మం లేదు. పిల్ల చదువును పణంగా పెట్టి ఉద్యోగం చేయడం ఎందుకనిపించింది. రాజీనామా చేయాలని నిర్ణయించుకున్నారు. దాదాపు మూడు దశాబ్దాల సర్వీసుకు ఒక్క కాగితంతో సెలవు చెప్పేయడానికి మానసికంగా సిద్ధమైపోయారు.

బ్యాంకులో తాను గురువులా భావించే ఒక పెద్దాయనతో ఆ మాట చెప్పారు. ఆయన పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కాస్త ఓపిక పట్టమన్నారు. ఇప్పుడు కొండలా కనిపిస్తున్న సమస్య కొద్ది రోజుల్లో తీరిపోతుందనీ, వదిలేసిన ఉద్యోగం మాత్రం తిరిగి రాదనీ నచ్చజెప్పారు. ఆమె ఆగారు. పాపకు బడి దొరికింది. రాజీనామా కాగితం బల్ల దాటలేదు.

ఈ సంఘటనను అరుంధతి తర్వాత ఎన్నో వేదికల మీద దాపరికం లేకుండా చెప్పారు. తన శక్తిసామర్థ్యాల గురించి గొప్పలు చెప్పుకోలేదు. సరైన సమయంలో ఒకరు ఆపారు కాబట్టి నిలిచాననే అన్నారు. మరి ఆపేవాళ్లు లేని ఆడవాళ్ల సంగతేమిటి? పెద్ద కుర్చీ ఎక్కాక ఆమె ఆ ప్రశ్నను మరిచిపోలేదు.

కొత్త దుకాణాలు తెరిచిన చెయ్యి

లఖ్‌నవూ తర్వాత దశ తిరిగింది. బ్యాంకు కొత్త వ్యాపారాల్లోకి అడుగుపెడుతున్న రోజులవి. సాధారణ బీమా కంపెనీ పెట్టాలి. మౌలిక సదుపాయాల నిధి ఏర్పాటు చేయాలి. షేర్లూ బాండ్లూ భద్రపరిచే కస్టోడియల్ సేవలు మొదలుపెట్టాలి. ఎస్‌బీఐ జనరల్ ఇన్సూరెన్స్ లాంటి సంస్థలు పుట్టిన కొత్త వ్యాపారాల విభాగాన్ని నడిపింది అరుంధతే. ఆపైన మానవ వనరుల విభాగం. లక్షల మంది సిబ్బంది బాగోగులు, బదిలీలు, ఫిర్యాదులు... అన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. ఎవరికి ఎక్కడ ముల్లు గుచ్చుకుంటోందో ఆమెకు బాగా తెలిసింది అక్కడే.

ఆ తర్వాత ఎస్‌బీఐ క్యాపిటల్ మార్కెట్స్‌కు సారథ్యం. అక్కడి నుంచి తిరిగొచ్చి బ్యాంకు మేనేజింగ్ డైరెక్టర్‌గా, ముఖ్య ఆర్థిక అధికారిగా ఖాతా పుస్తకాలు చేతిలోకి తీసుకున్నారు. కొద్ది నెలలకే ఛైర్‌పర్సన్.

కుర్చీ ఎక్కాక చేసిన పనుల్లో ఒకటి మహిళా ఉద్యోగులకు నేరుగా తగిలింది. పిల్లల పెంపకానికో, పెద్దవాళ్ల సంరక్షణకో రెండేళ్ల దాకా సెలవు తీసుకుని, తిరిగి వచ్చి అదే ఉద్యోగంలో చేరొచ్చు. రాజీనామా చేయనక్కర్లేదు. సిబ్బందిలోని మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఉచితంగా టీకా వేయించే ఏర్పాటూ చేశారు. లఖ్‌నవూలో తనకు ఎదురైన గోడకు, వెనక వచ్చేవాళ్ల కోసం ఒక తలుపు పెట్టారన్నమాట.

పుస్తకంలో దాచిన అప్పులు

అయితే ఆ కుర్చీ పూలపాన్పు కాదు. ఆమె వచ్చేనాటికే మొండి బాకీల సెగ మొదలైంది. ఉక్కు, విద్యుత్తు, రోడ్లు అంటూ అంతకుముందు దశాబ్దంలో పెద్ద కంపెనీలు వేలకోట్లు అప్పు తీసుకున్నాయి. ప్రాజెక్టులు ఆగిపోయాయి. వాయిదాలు రావడం మానేశాయి. స్టేట్‌బ్యాంక్ ముందుండి నడిపించిన పదిహేడు బ్యాంకుల కూటమికి కింగ్‌ఫిషర్ విమానసంస్థ పడిన బకాయి వడ్డీతో కలిపి సుమారు తొమ్మిది వేల కోట్ల రూపాయలకు చేరింది. 2016 మార్చిలో ఆ సంస్థ యజమాని విజయ్ మాల్యా దేశం దాటి వెళ్లిపోయారు. ఆ అప్పులిచ్చింది అరుంధతి ఛైర్‌పర్సన్ కాకముందే. జవాబు చెప్పాల్సింది మాత్రం కుర్చీలో ఉన్నవాళ్లే కదా!

తొంభై రోజులు దాటినా వాయిదా కట్టకపోతే ఆ బాకీని మొండిది కింద రాయాలన్నది నిబంధన. అలా రాస్తే లాభంలోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. లాభం తగ్గుతుంది. అందుకే చాలా బ్యాంకులు పాత అప్పు గడువు పొడిగించి, ‘వసూలవుతుంది’ అని రాసుకుంటూ వచ్చాయి. ఊళ్లో ఎవరికో వడ్డీకిచ్చిన డబ్బు రాదని తెలిసి కూడా ‘రావాల్సింది’ కింద లెక్కేసుకుని కూతురి పెళ్లి ముహూర్తం పెట్టుకుంటే ఎలా ఉంటుంది? 2015లో రిజర్వ్‌బ్యాంక్ గవర్నరు రఘురామ్ రాజన్ ఆ లెక్కలన్నీ తిరగతోడించారు. 2015 అక్టోబరు-డిసెంబరు త్రైమాసికంలో స్టేట్‌బ్యాంక్ లాభం అంతకుముందు ఏడాదితో పోలిస్తే అరవై శాతానికి పైగా పడిపోయింది.

నొప్పి అక్కడితో తీరలేదు. ఆమె పదవీకాలంలో ఆరు నెలలు కలిసిన 2017-18 ఆర్థిక సంవత్సరంలో బ్యాంకు 6,547 కోట్ల రూపాయల నికర నష్టం చూపించింది. ఇంకాస్త ముందే కఠినంగా ఉండాల్సిందన్నవారు ఉన్నారు. గాయాన్ని కప్పిపెట్టకుండా కోసి శుభ్రం చేసే క్రమంలో అది తప్పదన్నవారూ ఉన్నారు. 2016లో దివాలా చట్టం వచ్చాక ఎస్సార్ స్టీల్, భూషణ్ స్టీల్ లాంటి పెద్ద ఖాతాలు ట్రైబ్యునల్ గడప ఎక్కాయి. వాటిలో రావలసిన సొమ్ము చెప్పుకోదగ్గ మేరకు వచ్చింది ఆమె దిగిపోయాకే.

ఇంకో వివాదం రైతు రుణమాఫీది. మాఫీలతో తిరిగి కట్టే అలవాటు దెబ్బతింటుందని 2017 మార్చిలో ఆమె అన్నారు. మహారాష్ట్రలో ప్రతిపక్షం హక్కుల ఉల్లంఘన నోటీసు ఇచ్చేదాకా వెళ్లింది. 2014లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మాఫీ హామీలు అమలుకొచ్చిన సంగతి మనకి తెలిసిందే. కార్పొరేట్ల బాకీల విషయంలో లేని పట్టుదల రైతు దగ్గరే ఎందుకని అడిగినవాళ్ల ప్రశ్నలోనూ బలం ఉంది. వరసగా అందరూ కట్టడం మానేస్తే డిపాజిట్‌దారుడికి ఎవరు జవాబు చెబుతారన్న బ్యాంకరు ప్రశ్నలోనూ నిజం ఉంది.

యాభై రోజుల పరీక్ష

2016, నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలు. అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రధాని ప్రకటించారు. చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ నోట్లదే. మర్నాడు ఒక్కరోజు బ్యాంకులు మూసి, పదో తేదీన తలుపులు తెరిచేసరికి వీధి చివరిదాకా వరసలు. కొత్త రెండువేల నోటు సైజు వేరు కావడంతో దేశంలోని రెండు లక్షలకు పైగా ఏటీఎంలలో అరల్ని ఒక్కొక్కటిగా మార్చాల్సి వచ్చింది. పెళ్లిళ్లున్న ఇళ్లూ, ఆస్పత్రిలో మనుషులున్న ఇళ్లూ పడిన అవస్థ అందరికీ గుర్తే.

కౌంటరు అవతలా అవస్థే. దేశంలోకెల్లా పెద్ద బ్యాంకు కాబట్టి పెద్ద వరసలూ దాని ముందే. సిబ్బంది రాత్రిళ్లు దాకా లెక్కలు తేల్చుకుని మర్నాడు పొద్దున్నే మళ్లీ కౌంటర్లలో కూర్చునేవారు. ఆ యాభై రోజులూ ఆ యంత్రాంగాన్ని నడిపే బాధ్యత అరుంధతిదే.

గన్‌ఫౌండ్రీలో మారిన బోర్డు

మామూలుగా ఆమె పదవీకాలం 2016 అక్టోబరుతో ముగియాలి. ప్రభుత్వం మరో ఏడాది పొడిగించింది. ఎందుకంటే ఒక పెద్ద పని సగంలో ఉంది. హైదరాబాద్, మైసూర్, ట్రావన్‌కోర్, పటియాలా, బికనీర్ అండ్ జైపూర్... ఈ అయిదు అనుబంధ బ్యాంకుల్నీ, భారతీయ మహిళా బ్యాంకునీ స్టేట్‌బ్యాంక్‌లో కలిపేయడం. అంతకుముందు సౌరాష్ట్ర బ్యాంకును 2008లో, ఇండోర్ బ్యాంకును 2010లో ఒక్కొక్కటిగా కలిపారు. ఈసారి ఆరూ ఒకే రోజున... 2017, ఏప్రిల్ 1న.

తెలుగువాళ్లకు, ముఖ్యంగా తెలంగాణవాళ్లకు అది ఉత్త వార్త కాదు. నిజాం కాలంలో 1941లో ‘హైదరాబాద్ స్టేట్ బ్యాంక్’గా మొదలై, ఉస్మానియా సిక్కా వ్యవహారాలు చూసిన బ్యాంకు అది. 1956లో స్టేట్‌బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. తాతలనాటి డిపాజిట్లు, నాన్నల జీతాలు, పింఛన్లు అన్నీ ‘ఎస్‌బీహెచ్’లోనే. గన్‌ఫౌండ్రీలోని ప్రధాన కార్యాలయం మీద బోర్డు మారుతుంటే ఇంటిపేరు మారినంత బాధపడినవాళ్లున్నారు. దగ్గర దగ్గరగా ఉన్న శాఖల్ని కలిపేశారు. చెక్కుబుక్కులు మార్చుకోవాల్సి వచ్చింది. ఉద్యోగులకు సీనియారిటీ మీద బెంగ. ఉద్యోగ సంఘాలు విలీనాన్ని గట్టిగా వ్యతిరేకించాయి.

విలీనం మాత్రం ఆగలేదు. దాంతో సుమారు 24 వేల శాఖలు, 59 వేల ఏటీఎంలు, 37 కోట్ల మంది ఖాతాదారులతో స్టేట్‌బ్యాంక్ ప్రపంచంలోని తొలి యాభై పెద్ద బ్యాంకుల వరసలోకి చేరింది. అదే రోజు నుంచి సేవింగ్స్ ఖాతాలో కనీస నిల్వ లేకపోతే రుసుము వేయడం మళ్లీ మొదలైంది. మహానగరాల్లో కనీస నిల్వ అయిదు వేలు! సామాన్యుల నుంచి పెద్దఎత్తున విమర్శలు రావడంతో ఆ సెప్టెంబరులోనే దాన్ని మూడు వేలకు దించారు. ఆమె వెళ్లిపోయాక, 2020 మార్చిలో బ్యాంకు ఆ షరతునే ఎత్తేసింది. పెద్ద నిర్ణయాలు తీసుకున్నవారి చిట్టాలో ఇలాంటి పద్దులూ ఉంటాయి మరి.

రెండో ఇన్నింగ్స్

2017 అక్టోబరులో, నలభై ఏళ్ల సర్వీసు పూర్తిచేసి అరుంధతి పదవీ విరమణ చేశారు. అరవై దాటిన బ్యాంకరు ఇక విశ్రాంతి తీసుకుంటారనుకున్నారు. 2020 ఏప్రిల్‌లో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నవేళ, అమెరికా సాఫ్ట్‌వేర్ సంస్థ సేల్స్‌ఫోర్స్ భారత విభాగానికి ఛైర్‌పర్సన్, సీఈవో అయ్యారు. సాహిత్యం నుంచి బ్యాంకుకు వచ్చినప్పుడు ఎలా కొత్తో, బ్యాంకు నుంచి సాఫ్ట్‌వేర్‌కు వెళ్లినప్పుడూ అంతే కొత్త. మళ్లీ అ ఆల నుంచే మొదలుపెట్టారు. 2022లో ‘ఇండామిటబుల్’ పేరుతో తన జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చారు. 2025లో కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది.

స్టేట్‌బ్యాంక్‌లో ఆమె తర్వాత ఆ కుర్చీ ఎక్కినవాళ్లు రజనీష్ కుమార్, దినేష్ ఖరా, చల్లా శ్రీనివాసులు శెట్టి. ముగ్గురూ పీవోలుగా చేరినవాళ్లే. వారిలో శెట్టిది జోగులాంబ గద్వాల జిల్లా. రాజేంద్రనగర్‌లో వ్యవసాయశాస్త్రం చదివి 1988లో పీవో అయ్యారు, 2024 ఆగస్టులో ఛైర్మన్ అయ్యారు. సాహిత్యం చదివినా, సేద్యం చదివినా ఆ గుమ్మం ఒకటే.

అశోక్‌నగర్ గదుల్లోనో, నంద్యాల కోచింగ్ సెంటర్లలోనో ఇవాళ పీవో పరీక్షకు చదువుతున్న అమ్మాయిలకు ఆ గుమ్మం తెరిచే ఉంది. లోపలికి వెళ్లాక లఖ్‌నవూ లాంటి మలుపు ఏదో ఒకరోజు వాళ్లకూ ఎదురవుతుంది. ఆ రోజున ‘కాస్త ఆగమ్మా’ అనే మనిషి ఇంట్లోనే ఒకరుంటే... రాజీనామా కాగితం బల్ల దాటదు.